కాలికి గజ్జె... చేతికి పట్టా!

చోడవరం దాటి నర్సీపట్నం రోడ్డు పట్టుకుంటే వడ్డాది వస్తుంది. ఆ చుట్టుపక్కలదే బుచ్చయ్యపేట. అనకాపల్లి జిల్లాలో ఓ మండల కేంద్రం. చుట్టూ పొలాలు, చెరకు తోటలు. సంక్రాంతికో, అమ్మవారి తీర్థానికో ఊళ్ళో స్టేజీ కడతారు. మైకులో సినిమా పాట మోగుతుంది. జనం ముందు వరసలో చాపలేసుకుని కూర్చుంటారు. అదిగో, ఆ జనంలోనే ఓ అమ్మాయి ఉంటుంది. పాట వినగానే కాలు ఊరుకోదు. స్కూలు వార్షికోత్సవంలో డాన్సు చేసి కప్పు కొట్టిన పిల్ల. ఇంటర్ పరీక్షలు రాసి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఒకటే ప్రశ్న - "తర్వాతేంటి?"

"నేను డాన్సు చదువుతాను నాన్నా!"

నాన్న ఏమీ అనలేదు. అరుగు మీద కూర్చున్న నాయనమ్మే అంది - "ఏటే గుంటా, ఆ గెంతులు కూడెడతాయేటి?"

ఈ అమ్మాయికి మేం పేరు పెట్టడం లేదు. ఎందుకంటే బుచ్చయ్యపేటలోనే కాదు, తెలుగుదేశంలో ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి అమ్మాయి ఒకతె ఉంటుంది. ఈ పేజీ చదువుతున్న మీరే ఆ అమ్మాయి కావచ్చు, అబ్బాయీ కావచ్చు. నాయనమ్మ వేసిన ప్రశ్న మాత్రం కొట్టిపారేసేది కాదు. దానికి జవాబు వెతుకుదాం రండి!

మీనాక్షి అడిగిందీ అదేగా!

'స్వర్ణకమలం' చూశారుగా? 1988లో వచ్చింది. కె.విశ్వనాథ్ దర్శకత్వం. భానుప్రియ వేసిన మీనాక్షి పాత్ర గుర్తుందా? కూచిపూడి గురువుగారి కూతురు. ఒళ్ళంతా నాట్యమే. కానీ ఆ నాట్యమంటే ఆ పిల్లకి చిరాకు. దానివల్ల పూట గడవదని దాని నమ్మకం. ఆమెని గజ్జె కట్టేలా చెయ్యడానికి సినిమా పోస్టర్లు వేసే చందు (వెంకటేష్) పడ్డ పాట్లే ఆ సినిమా.

అంతకు ఐదేళ్ళ ముందు, 1983లో, అదే విశ్వనాథ్ 'సాగరసంగమం' తీశారు. అందులో కమలహాసన్ వేసిన బాలు పాత్రది మీనాక్షికి సరిగ్గా తిరగేసిన కథ. బాలుకి నాట్యమంటే ప్రాణం. తల్లి పెళ్ళిళ్ళలో వంటలు చేస్తుంది. విద్య ఉంది, తపస్సు ఉంది. ఆ విద్యతో నిలబడటానికి కాలి కింద నేల మాత్రం లేదు. ఆ పాత్ర చూసి కళ్ళు తుడుచుకుంటూ హాల్లోంచి బయటికొచ్చినవాళ్ళు ఎందరో!

మీనాక్షికి నమ్మకం లేదు, బాలుకి ఆధారం లేదు. ఈ రెండిటికీ మధ్య ఏదన్నా దారి ఉందా? ఉంది. చిత్రం ఏమిటంటే, 'స్వర్ణకమలం' విడుదలైన 1988లోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీనాయుడు పేరిట ఓ కళల స్కూలు మొదలైంది. నృత్యం, నాటకం, చిత్రకళ, కమ్యూనికేషన్ అక్కడ పీజీ చదువులయ్యాయి. తెర మీద మీనాక్షి వేసిన ప్రశ్నకి, తెర బయట ఓ యూనివర్సిటీ తన పద్ధతిలో జవాబు మొదలుపెట్టిందన్నమాట!

అనకాపల్లి ఆడపడుచు

అక్కడికి వెళ్ళేముందు మన అనకాపల్లి సంగతి ఒకటి చెప్పుకోవాలి. అనకాపల్లి అనగానే అందరికీ బెల్లం గుర్తొస్తుంది, నూకాలమ్మ జాతర గుర్తొస్తుంది. ఇంకోటి కూడా గుర్తు రావాలి - శోభానాయుడు!

అవును, కూచిపూడి నర్తకి శోభానాయుడు 1956లో పుట్టింది అనకాపల్లిలోనే. చిన్నతనంలోనే గజ్జె కట్టించి, పట్టుబట్టి మద్రాసు దాకా నడిపించింది తల్లిగారు. అక్కడ వెంపటి చినసత్యం మాస్టారి శిష్యరికం. మాస్టారు 1963లో మద్రాసులో పెట్టిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ అంటే ఆ రోజుల్లో నాట్యం నేర్చేవాళ్ళకి కాశీ! ఆయన నృత్యనాటకాల్లో సత్యభామగా, పద్మావతిగా, చండాలికగా ఆమె పేరు మోగిపోయింది. సినిమా వైపు పోకుండా రంగస్థలానికే అంకితమైపోయారు. 1980లో హైదరాబాద్ వచ్చి అకాడమీ పెట్టి, నలభై ఏళ్ళపాటు పిల్లలకి నేర్పారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. 2020 అక్టోబరులో కన్నుమూశారు.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. శోభానాయుడు మద్రాసులో క్వీన్ మేరీస్ కాలేజీలో డిగ్రీ కూడా చదివారు. కానీ కాలేజీ వేరు, నాట్యం వేరు! పగలు పుస్తకం, మిగతా వేళ గజ్జె. ఆ తరంలో అందరిదీ అదే పద్ధతి. నాట్యం గురువు ఇంట్లో, చదువు కాలేజీలో. రెండూ ఒకే గడపలో దొరికేవి కావు.

మరి మద్రాసు వెళ్ళలేని పిల్లల మాటేమిటి? కూతురి కోసం కాపురం మార్చే తల్లి లేని పిల్ల గతేమిటి? అనకాపల్లి నుంచి ఒక శోభానాయుడు వెళ్ళగలిగింది. వెళ్ళలేక ఆగిపోయిన వాళ్ళ పేర్లు ఎక్కడా రాసి లేవు. నాట్యం యూనివర్సిటీలోకి రావడం ఎందుకంత పెద్ద విషయమో అర్థం కావాలంటే ముందు ఈ ముక్క అర్థం కావాలి.

గురువుగారి వాకిలి నుంచి యూనివర్సిటీ గేటు దాకా

తెలుగునాట నాట్యం మీద సమాజం వేసిన ముళ్ళు తక్కువేం కాదు. గుళ్ళలో, సభల్లో తరతరాలుగా ఆడిన కళావంతుల విద్యని చిన్నచూపు చూశారు. దేవదాసీ పద్ధతిని రద్దు చేస్తూ 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆ పద్ధతి పోవాల్సిందే. కానీ దాంతోపాటు ఆ విద్య కూడా చాలాచోట్ల మూలపడింది. అటు కృష్ణాజిల్లా కూచిపూడిలోనేమో మగవాళ్ళు మాత్రమే ఆడేవారు. సత్యభామ వేషం కూడా మగవాడిదే. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారి వంటి పెద్దలు ఆడపిల్లలకి కూడా నేర్పడం మొదలెట్టాకే ఆ తలుపు తెరుచుకుంది.

సినిమా అభిమానులకి మరో ముచ్చట. ఆ కూచిపూడి ఊరే మన సినిమాకి నృత్యదర్శకుల్ని ఇచ్చింది. 'మాయాబజార్' (1957) నృత్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తి అక్కడివారే. 'దేవదాసు' (1953), 'సువర్ణసుందరి' (1957) తీసిన దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూడా కూచిపూడి కళాకారుడే. అంటే డిగ్రీలూ పట్టాలూ లేకుండానే ఆ ఊరు మద్రాసు స్టూడియోలకి ఒక యూనివర్సిటీలా పనిచేసిందన్నమాట!

ప్రపంచంలో నాట్యానికి మొదట డిగ్రీ ఇచ్చింది ఎక్కడో తెలుసా? అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ. 1926లో. మార్గరెట్ హెచ్‌డౌబ్లర్ అనే వ్యాయామ విద్య టీచరు పూనికతో అది మొదలైంది. సరిగ్గా ఆ 1926లోనే ఇక్కడ మన ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది! మనదేశంలో బరోడాలోని మహారాజా శాయాజీరావు యూనివర్సిటీ 1950 నాటికే నృత్యాన్ని డిగ్రీ చదువుగా తెచ్చింది.

తెలుగువాళ్ళకి ఆ ముచ్చట తీరింది 1985లో. ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా, అప్పటి అకాడమీలను రద్దుచేసి తెలుగు విశ్వవిద్యాలయం పెట్టారు. కూచిపూడి గ్రామంలోని సిద్ధేంద్ర కళాక్షేత్రం దాని గొడుగు కిందికి వచ్చింది. హైదరాబాద్ నాంపల్లిలో నృత్యశాఖ నడిచింది. చాలాకాలం పొట్టి శ్రీరాములు పేరుతో ఉన్న ఆ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ తెలంగాణ శాసనసభ 2024లో బిల్లు ఆమోదించింది. కూచిపూడి, ఆంధ్రనాట్యం అక్కడ పీజీ చదువులు. సెంట్రల్ యూనివర్సిటీలో కూచిపూడి, భరతనాట్యం - రెండిట్లోనూ పీజీ ఉంది. ఎం.పి.ఏ. అంటారు, మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్. రెండేళ్ళ కోర్సు. ఆపైన పిహెచ్.డి. కూడా చెయ్యొచ్చు.

క్లాసులో ఏం జరుగుతుంది?

"డాన్సుకి క్లాసేమిటి, పరీక్షేమిటి?" అని నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళని ఒక్కరోజు అక్కడ కూర్చోబెడితే తెలుస్తుంది!

ముందు ప్రాక్టికల్. అరమండిలో కూర్చుని అడవులు. మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. చెప్పులు బయటే. గంట గడిచేసరికి తొడలు వణుకుతాయి. తర్వాత జతులు, తీర్మానాలు. మీరు ఆడితే చాలదు, తాళాలు పట్టుకుని ఇంకొకరిని ఆడించాలి కూడా. నట్టువాంగం అంటారు దీన్ని. కాలు ఎరిగిన తాళం నోటికీ, చేతికీ రావాలి. స్టేజీ మీద అందంగా ఆడేవాళ్ళు కూడా మొదట్లో ఇక్కడ తడబడతారు.

తర్వాత అభినయం. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం - నాలుగు రకాలు. అష్టవిధ నాయికలు. ఒకే పల్లవిని విరహంతో ఉన్న నాయిక ఎలా చూపిస్తుంది, కోపంతో ఉన్న నాయిక ఎలా చూపిస్తుంది? భామాకలాపంలో సత్యభామ తెర వెనకనుంచి జడ బయటికి వేసి ప్రవేశిస్తుంది. ఆ జడ విసిరేసిన తీరులోనే ఆమె గర్వమంతా తెలిసిపోవాలి. సినిమా క్లోజప్ లేని రోజుల్లో అదే క్లోజప్పు మరి!

ఆ తర్వాత థియరీ. అసలు యూనివర్సిటీ తన విలువ చూపించేది ఇక్కడే. ఒక్క ఉదాహరణ చెబుతాం.

గురువుగారు మీకు చిన్నప్పుడే ఒంటిచేతి ముద్రలు నేర్పారు. పతాకం, త్రిపతాకం, అర్ధపతాకం... అంటూ మొత్తం ఇరవై ఎనిమిది. శ్లోకం కంఠతా వచ్చు. అది నందికేశ్వరుడి 'అభినయదర్పణం'లోది. యూనివర్సిటీకి వెళ్ళాక భరతుడి 'నాట్యశాస్త్రం' తెరుస్తారు. అక్కడ ఒంటిచేతి ముద్రలు ఇరవై నాలుగే! మరి మిగతా నాలుగూ ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఎవరు చేర్చారు? ఎప్పుడు? ఏ ప్రాంతం ఆచారం గ్రంథంలోకి ఎక్కింది? గురువుగారి దగ్గర మీరు "ఎలా" అన్నది నేర్చుకున్నారు. "ఎందుకు" అని అడగటం ఇక్కడ నేర్చుకుంటారు.

మరొకటి. కాకతీయ గణపతిదేవుడి దగ్గర గజసైన్యాన్ని నడిపిన జాయపసేనాని అనే ఆయన పదమూడో శతాబ్దంలో 'నృత్తరత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగింట్లో శాస్త్రం చెప్పిన మార్గ పద్ధతి. తర్వాతి నాలుగింట్లో జనం ఆడే దేశి పద్ధతి! ఏనుగుల సేనాని కూర్చుని జనం ఆటలన్నీ ఓపిగ్గా రాసుకున్నాడన్నమాట. ఆ గ్రంథాన్నీ, రామప్పగుడి శిల్పాల్నీ దగ్గర పెట్టుకుని నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యానికి మళ్ళీ ప్రాణం పోశారు. 1985 శివరాత్రినాడు రామప్పగుడిలో దాన్ని ఆడించారు. పాత పుస్తకం చదవడం వచ్చినవాడు చచ్చిపోయిందనుకున్న నాట్యాన్ని లేపి నిలబెట్టగలడు. థియరీ క్లాసులో కునుకు తీసేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి!

మన బుచ్చయ్యపేట అమ్మాయికి ఇందులో సొంత లాభం కూడా ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో యాదవులు గుండెకి తప్పెటగుళ్ళు కట్టుకుని ఆడటం ఆమె చిన్నప్పటినుంచి చూసి ఉంటుంది. దాన్ని ఇంట్లో ఎవరూ చదువనుకోలేదు. కానీ పిహెచ్.డి. చెయ్యబోతే అదే ఆమెకి సబ్జెక్టవుతుంది. ఆ అడుగులు, ఆ దరువులు, ఆ ఆటగాళ్ళ మాటలు రాసుకోవడానికి ఢిల్లీ నుంచి ఎవరో రావక్కర్లేదు. ఆ ఊరి భాష తెలిసిన ఆమె కంటే బాగా రాయగలవాళ్ళెవరు?

ముందే చెప్పాల్సిన చేదు నిజం

అయితే ఒక్క హెచ్చరిక. ఇది చదివి ఉత్సాహంతో సూట్‌కేసు సర్దేసుకోకండి! యూనివర్సిటీ మిమ్మల్ని అ ఆ ల నుంచి నర్తకిని చెయ్యదు. చెయ్యలేదు. రెండేళ్ళలో ఎం.కాం. చదవొచ్చేమో గానీ, రెండేళ్ళలో అరమండి కుదరదు. నాట్యం ముందు ఒంట్లోకి ఎక్కాలి, తర్వాతే పుస్తకంలోకి. ప్రవేశానికి రాతపరీక్ష పాసైతే చాలదు, ఆడి చూపించాలి. అక్కడ సినిమా స్టెప్పులు చెల్లవు.

కాబట్టి స్టేజీ మీద రికార్డు డాన్సు చేసి చప్పట్లు కొట్టించుకున్న పిల్లలు తెలుసుకోవాల్సింది ఇది. ఆ చప్పట్లు అబద్ధం కాదు. మీలో లయ ఉందని చెప్పాయి, అంతే. లయ అనేది విత్తనం. పంట కావాలంటే గురువు కావాలి, కనీసం ఏడెనిమిదేళ్ళ సాధన కావాలి.

మరి బుచ్చయ్యపేటలో ఉన్న పిల్లకి గురువెక్కడ? ఇదే అసలు చిక్కు. అనకాపల్లిలోనో, విశాఖలోనో నేర్పేవాళ్ళని వెతుక్కోవాలి. వారానికి రెండుసార్లు బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్ళిరావాలి. కాస్త దూరమైనా మరో మంచి గడప ఉంది. విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. 1919లో విజయరామ గజపతిరాజు గారు పెట్టించారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు. ఘంటసాల చదువుకున్నది అక్కడే. పి.సుశీల చదువుకున్నదీ అక్కడే! ఆ మెట్లెక్కి దిగిన గొంతులే కదా మనందరి చెవుల్లో ఉన్నాయి! అక్కడ పాటతో పాటు నాట్యం కూడా నేర్పుతారు. సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. ప్రభుత్వ కళాశాల కనుక ప్రైవేటు ఫీజుల భయం లేదు.

ఇంటర్ అయ్యాక నేరుగా నృత్యం పీజీకి వెళ్ళలేరు, డిగ్రీ ఉండాలి. కనుక దారి ఇలా ఉంటుంది. చిన్నప్పుడే గురువు దగ్గర సాధన మొదలు. ఇంటర్ తర్వాత మూడేళ్ళు ఏదో ఒక డిగ్రీ, దాంతోపాటు సాధన ఆపకుండా సర్టిఫికెట్టో డిప్లొమానో. ఆపైన నృత్యంలో పీజీ. శోభానాయుడు కాలేజీనీ గజ్జెనీ పక్కపక్కనే నడిపించారు చూడండి, మొదటి సగం ఇప్పటికీ అదే దారి. తేడా అల్లా, ఆ రెండు దారులూ చివర్లో ఇప్పుడు ఒకే గేటు దగ్గర కలుస్తాయి.

ఇంకో చేదు నిజం. గజ్జెలు, పట్టు దుస్తులు, నగలు, వాద్యబృందం - వీటి ఖర్చు కొందరు తల్లిదండ్రుల నడ్డి విరుస్తుంది. అరంగేట్రాన్ని పెళ్ళిలా చేసి అప్పులపాలైన కుటుంబాలున్నాయి. గుర్తుపెట్టుకోండి, యూనివర్సిటీ సీటుకి అరంగేట్రం శుభలేఖ అడగరు. మీ అడుగు శుద్ధంగా ఉందా లేదా అన్నదే అడుగుతారు.

ఇంతకీ ఉద్యోగమో?

వచ్చాం అసలు ప్రశ్నకి. నాయనమ్మ అడిగిన కూటి ప్రశ్న!

ముందు మీ అందరి మనసులో ఉన్నది చెప్పేద్దాం - సినిమా. డిగ్రీ చూపిస్తే సినిమా వాళ్ళు పిలిచి అవకాశం ఇస్తారా? ఇవ్వరు. నృత్యదర్శకుడి దగ్గర గ్రూపులో చేరి, యూనియన్ కార్డు తీసుకుని, అసిస్టెంటుగా ఏళ్ళ తరబడి పనిచేసి పైకొచ్చే రంగం అది. 2009లో మొదలైన 'ఢీ' వంటి టీవీ పోటీలు కొత్త తలుపు తెరిచాయి. 'ఆర్ఆర్ఆర్' (2022)లో 'నాటు నాటు' పాటకి స్టెప్పులు కూర్చిన ప్రేమ్‌రక్షిత్‌ని ప్రపంచమంతా మెచ్చుకుంది. ఆయన్ని ఎవరూ పట్టా అడగలేదు!

అయితే శాస్త్రం తెలిసిన కాలికి సినిమాలో విలువ లేదా? ఉంది. 'శంకరాభరణం' (1980)లో మంజుభార్గవిని తలచుకోండి. ఆమె వెంపటి మాస్టారి శిష్యురాలు. తర్వాత రోజుల్లో బెంగుళూరులో నాట్యం స్కూలు పెట్టుకున్నారు. సినిమా వచ్చిపోయినా విద్య ఉండిపోయింది. 'మగధీర' (2009)లో పాటకి జాతీయ అవార్డు అందుకున్న శివశంకర్ మాస్టారి నృత్యాల్లో శాస్త్రీయపు వాసన ఎంత ఉండేదో మీకు తెలియనిది కాదు. తెర మీద వెలుగు కొన్నాళ్ళుంటుంది. వెలుగు తగ్గాక చేతిలో ఏముందన్నదే లెక్క.

ఇప్పుడు పట్టా ఉపయోగం చూడండి.

మొదటిది, టీచరు ఉద్యోగం. స్కూళ్ళలో, సంగీత నృత్య కళాశాలల్లో. యూనివర్సిటీలో లెక్చరర్ కావాలంటే యూజీసీ వాళ్ళ నెట్ పరీక్ష రాయాలి. అందులో నృత్యం-నాటకం ఒక సబ్జెక్టు! పీజీలో 55 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ ఉన్నవారికి సడలింపు ఉంది. జె.ఆర్.ఎఫ్. వస్తే పరిశోధన చేసుకుంటూనే నెలనెలా ఫెలోషిప్ తీసుకోవచ్చు. పట్టా లేకుండా ఎంత గొప్పగా ఆడినా ఈ తలుపు తెరుచుకోవడం కష్టం.

రెండోది, కచేరీలు. దూరదర్శన్ గ్రేడు తెచ్చుకోవచ్చు. విదేశాలకి కళాబృందాలని పంపే ఐసిసిఆర్ జాబితాలో పేరు సంపాదించుకోవచ్చు. వీటికి పట్టా కన్నా ఆట ముఖ్యం. కానీ కచేరీల మీదే బతకడం ఎంత కష్టమో పేరున్న కళాకారులనే అడగండి, చెబుతారు. సీజన్‌లో సభలుంటాయి. మిగతా నెలల్లో ఇల్లు గడపాలి కదా!

మూడోది, స్కాలర్‌షిప్పులు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ళ వయసు కళాకారులకి రెండేళ్ళపాటు నెలకి 5,000 రూపాయల స్కాలర్‌షిప్ పథకం పెట్టింది. దానికి గురువు దగ్గర కనీసం ఐదేళ్ళు నేర్చుకుని ఉండాలి. పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల కోసం సిసిఆర్‌టి వారి స్కాలర్‌షిప్ ఉంది. పల్లెటూరి పిల్లలు చాలామంది వీటి పేరే వినరు. విన్నవాళ్ళు పక్కవాళ్ళకి చెప్పండి!

నాలుగోది, సొంత స్కూలు. ఇది చిన్నచూపు చూసే దారి కాదు. విదేశాల్లో మన తెలుగువాళ్ళు పిల్లలకి కూచిపూడి నేర్పించాలని ఎంత ఆరాటపడుతున్నారో చెప్పనక్కర్లేదు. కాలిఫోర్నియాలో మిల్పిటాస్ అనే ఊళ్ళో 2016లో సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం పెట్టి, కూచిపూడి, భరతనాట్యం కోర్సులు నడుపుతున్నారు. కృష్ణాజిల్లా ఊరి పేరు అమెరికాలో ఒక పట్టా మీద అచ్చవుతోంది. ఇంతకంటే చిత్రం ఉంటుందా!

పట్టా, ఆట రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక పేరు చాలు - అలేఖ్య పుంజాల. ఉమా రామారావు గారి దగ్గర కూచిపూడి నేర్చుకుని, పిహెచ్.డి. చేసి, తెలుగు విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 2024లో తెలంగాణ సంగీత నాటక అకాడమీ అధ్యక్షురాలయ్యారు. స్టేజీ మీద ఆవిడ ఆట ఏమన్నా తగ్గిందా? లేదే!

అబ్బాయిలూ, మీరెందుకు వెనక్కి?

"డాన్సు ఆడపిల్లల చదువు" అనుకునే అబ్బాయిలకి ఒక మాట. కూచిపూడి పుట్టిందే మగవాళ్ళ కాళ్ళ మీద! సత్యభామ వేషంలో వేదాంతం సత్యనారాయణశర్మ గారు స్టేజీ మీదికి వస్తే, అది మగవాడంటే నమ్మేవాళ్ళు కాదు. ఇంకో ఉదాహరణ, సి.వి.చంద్రశేఖర్. కళాక్షేత్రలో భరతనాట్యం నేర్చారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదివారు. బరోడా యూనివర్సిటీలో పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ డీన్ అయ్యారు. పద్మభూషణ్ వచ్చింది. 2024లో పోయేవరకూ ఆయన జీవితమంతా నాట్యమే. ఆకులూ పూలూ చదివిన చదువు ఆయన గజ్జెకి అడ్డం రాలేదు.

షారన్ వచ్చిన దారి

మళ్ళీ 'స్వర్ణకమలం' దగ్గరికే వద్దాం. అందులో మీనాక్షి కళ్ళు తెరిపించే అమెరికా అమ్మాయి ఉంది కదా, ఒడిస్సీ ఆడుతుంది? ఆమె పేరు షారన్ లోవెన్. సినిమాలో తన పాత్రే తను వేసింది. నిజ జీవితంలో ఆమె మిషిగన్ యూనివర్సిటీలో నృత్యం చదువుకుని, 1973లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద మనదేశం వచ్చింది. అంటే ఒక యూనివర్సిటీ చదువు ఆమెని ఇంత దూరం తీసుకొచ్చింది. కానీ ఆమెని నర్తకిని చేసింది ఎవరు? గురు కేలూచరణ్ మహాపాత్ర! ఆయన దగ్గర నేర్చుకుంది.

చూశారా, పట్టా చేతిలో ఉన్న మనిషి గురువు కాళ్ళ దగ్గరికి వచ్చింది. మన పిల్లలు గురువు దగ్గర బయల్దేరి పట్టా దగ్గరికి వెళ్ళాలి. దారి ఏ చివర్నుంచి మొదలెట్టినా, రెండు చివర్లూ ముట్టుకోవాల్సిందే. గురువు లేని పట్టా గోడకి వేలాడుతుంది. పట్టా లేని గజ్జె ఎంత బాగా మోగినా కొన్ని తలుపుల బయటే మోగుతుంది.

ఇదంతా విని బుచ్చయ్యపేట నాయనమ్మ ఏమంటుంది? బహుశా వెంటనే ఒప్పుకోదు. "మరి పెళ్ళో?" అని అడుగుతుంది. "ఉజ్జోగం వొస్తాదని రాసిచ్చారేటి?" అని అడుగుతుంది. రాసివ్వరమ్మా. ఇంజినీరింగుకీ ఎవరూ రాసివ్వలేదు. ఆ మాటకొస్తే ఈ ఏడు చెరుకు పండుతుందని మీకు మాత్రం ఎవరు రాసిచ్చారు? అయినా గనెం తవ్వి నాటు వేశారు కదా!

మనవరాలు కూడా అంతే. నాటు వేస్తానంటోంది. పంటకి ఏడెనిమిదేళ్ళు పడుతుందని తెలిసే అంటోంది. ముందు ఆమెకి కావాల్సింది యూనివర్సిటీ ఫారం కాదు. వారానికి రెండుసార్లు అనకాపల్లి వెళ్ళిరావడానికి బస్సు డబ్బులు, సాయంత్రం ఆలస్యమైతే వడ్డాదిలో దించుకోవడానికి ఒక మనిషి!

ఆ పని నాన్న చెయ్యగలడు. నాయనమ్మ ఊ అంటే చాలు.